రెండు కార్డులకు ఒకే కిటికీ

"నాసర్ గారూ, నేనడిగింది నిన్న పొద్దున మీరు ఆ షాపులో ఏం చేశారని. కంప్యూటర్ల పుట్టుపూర్వోత్తరాలు కాదు."

విమలమ్మ ఈ మాట అనడం అది మూడోసారి. లాకప్ ఊచల అవతల కూర్చున్న నాసర్ మాత్రం మొదటిసారి విన్నట్టే తలూపాడు. అరవై ఏళ్ల మనిషి. పార్క్‌లేన్‌లో పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇంకో మూడు గంటల్లో, అంటే నాలుగింటికి, జాతకాలు చెప్పే నరసరాజును చంపాడన్న నేరం మీద మేజిస్ట్రేటు ముందు నిలబడబోతున్నాడు. అక్కణ్ణుంచి తిన్నగా జైలుకే. ఆ కంగారు లాకప్ బయట ఉన్న కూతురి మొహంలో కనిపిస్తోంది గానీ ఈయన మొహంలో వెతికినా దొరకడం లేదు.

"గదే చెప్తున్న మేడం. ఆ బోర్డు మీద స్లాట్లు నాలుగే. నల్లది పొడుగ్గ ఉంటది. దాంట్ల జాతకం కార్డు. ఆ కార్డు లేకుంటే రాజుగారి సాఫ్ట్‌వేర్ షురూనే కాదు. కొత్త కంప్యూటర్లల్ల ఆ నల్ల స్లాటే బంద్ చేసిన్రు. గందుకే ఇరవై నాలుగేండ్ల సంది అదే డబ్బా నడిపిస్తున్నం."

"సరే. తరవాత?"

"తెల్లయి రెండు. మొదటిది పిడుగు పడి కాలిపోయింది. చివరిది మంచిగుంది. దాని పక్కన చిన్న బ్రౌన్ స్లాట్, బొటనవేలంత ఉంటది. దాన్ని ఎందుకు పెట్టిన్రో సగం మంది మెకానిక్‌లకే తెల్వది. సికింద్రాబాద్ మొత్తంల దాన్ని వాడకంల పెట్టినోణ్ణి నేనొక్కణ్ణే."

ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో వెలుగు చూసి విమలమ్మకు ఒళ్లు మండింది. మెడ మీద కత్తి వేలాడుతుంటే బొటనవేలంత స్లాటు గురించి గర్వపడే మనిషిని ఏమనాలి? ఎస్సై రాఘవేందర్ దయతలచి ఇచ్చింది పదిహేను నిమిషాలు. అందులో పదకొండు ఈ రంగురంగుల స్లాట్లకే చెల్లిపోయాయి.

"ఆ చిన్న స్లాట్లో ఏముండేది?"

"ఫోను కార్డు. రాజుగారు సీట్ల లేకుంటే మూడు రింగులైనంక కంప్యూటరే ఫోనెత్తుతది. రాజుగారి గొంతుతోటి 'పుట్టిన తేదీ, సమయం, ఊరు చెప్పండి' అంటది. అవతలోళ్లు చెప్పింది రికార్డు చేసుకుంటది. సాయంత్రం రాజుగారు వినుకుంట జాతకాలేస్తడు."

"ఆ కార్డు మీ సంచిలోకి ఎలా వచ్చింది?"

"తీసిన గదా మేడం."

"అదే, ఎందుకు తీశారు?"

"కిటికీ ఒక్కటే గదా!"

ఏ కిటికీ అని అడిగేలోపే కానిస్టేబుల్ వచ్చి టైమైపోయిందన్నాడు. విమలమ్మ బ్యాగు భుజాన వేసుకుని విసవిసా బయటికి నడిచింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి, రిటైరయ్యాక పద్మారావు నగర్‌లో ఇంటి ముందుగదికే బోర్డు తగిలించి ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి ఆమె. రాంగ్ నంబర్లతో కూడా ఇంత అవస్థ పడలేదు.

బెంచీ మీద కూర్చున్న నాసర్ కూతురు జెబా లేచి నిలబడింది. "ఏమన్నా చెప్పిండా ఆంటీ?"

"కిటికీ ఒక్కటే అన్నాడు."

జెబా నుదురు కొట్టుకుంది. "మా అబ్బా గంతే ఆంటీ. ఫ్యాన్ ఎందుకు తిరుగుతలేదంటే కరెంటు ఎవరు కనిపెట్టిన్రో చెప్తడు. కోర్టుల సుత గిట్లనే మాట్లాడితే..." విమలమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. ఓదార్పుకు కూడా టైము లేదు.

*

ఒకటీ నలభైకి మోండా మార్కెట్ పక్క సందులో, మెట్ల పైన ఉన్న నరసరాజు షాపు తలుపుకు ఎస్సై రాఘవేందర్ సీలు తీశాడు. కిందటేడు ఒక కేసులో ఆయన పట్టుకున్నవాడు కాక వేరేవాడు దొంగని విమలమ్మ తేల్చింది. అది పేపర్లో కూడా వచ్చింది. ఆ పేపరు ఆయనకింకా అరగలేదు. పై అధికారి చెప్పాడు కాబట్టి తలుపు తీశాడు, లేకపోతే మెట్ల దగ్గరే ఆపేసేవాడు.

"ఇరవై నిమిషాలు మేడం. ఏదీ ముట్టద్దు. ఇక్కడ చూసేటందుకు సుత ఏం లేదు. కేసు అయిపోయింది."

"అయిపోయిందా? ఎలా అయిపోయిందో కాస్త చెప్పండి, నేనూ నేర్చుకుంటాను."

వెటకారం ఆయనకు తగిలింది. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. "నిన్న గురువారం. పదిన్నరకు నాసర్ వచ్చిండు, కంప్యూటర్ రిపేరుకు. పది ముప్ఫై అయిదుకు లోపల లొల్లి. కింద స్టీలు సామాన్ల షాపు చిన్నబ్బాయి విన్నడు. నరసరాజు అరుస్తున్నడు, 'నాకున్నదదొక్కటే, అదీ పీకేస్తావా' అని. పది యాభైకి మేనల్లుడు ఉదయ్ భాస్కర్ ఫోన్ చేస్తే ముసలాయన ఎత్తలే. కంప్యూటర్ ఎత్తింది. కాల్ రికార్డు నా దగ్గరుంది. పది యాభై మీద ఇరవై సెకన్లకు షురూ, మొత్తం నలభై రెండు సెకన్లు. నరసరాజు సీట్ల ఉంటే రెండో రింగుకే ఎత్తుతడు, మార్కెట్ మొత్తానికి తెలుసు. ఎత్తలేదంటే అప్పటికే పోయిండు. అప్పుడు రూముల ఉన్నదెవరు? నాసర్. పదకొండుంపావుకు దిగి పోయిండు. పన్నెండు పదికి ఊడ్చేటామె నాంచారమ్మ వచ్చి చూసింది. తల ఎనక దెబ్బ, పక్కన ఇత్తడి దీపం కుంది. ఇగ ఆ ఫోను కార్డు నాసర్ సంచిల దొరికింది. రికార్డింగ్ మాయం చేసేటందుకు తీసిండు. ఇంకేం గావాలె?"

"ఉదయ్ భాస్కర్ ఆ టైములో ఎక్కడున్నాడు?"

"ఇంట్ల. మీ పద్మారావు నగర్లనే. పెళ్లాం యోగిత పక్కనే ఉన్ననని సంతకం పెట్టింది."

విమలమ్మ ఇక ఆయన్ని పట్టించుకోలేదు. ఆమె చూపు అలవాటు కొద్దీ ముందు ఫోను మీదికి వెళ్లింది. టేబులు మీద పాత ల్యాండ్‌లైను. గోడలోంచి వచ్చిన తీగ నేరుగా ఫోన్లోకే వెళ్లింది. ఫోను ఎత్తే కార్డు కంప్యూటర్లో ఉంటే తీగ ముందు కంప్యూటర్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి ఫోనుకు రావాలి. టేబులు వెనుక గోడ మీద ఇన్నేళ్లూ రెండు తీగలు ఉన్న చోట మాసిన చారలు రెండూ అలాగే ఉన్నాయి. తీగ మాత్రం ఒకటే ఉంది. నాసర్ కార్డు తీసి, ఫోను ఆగిపోకుండా తీగ తిప్పి కలిపాడన్నమాట. చంపి పారిపోయేవాడు అంత ఓపిగ్గా ఫోను కలిపి వెళతాడా?

కంప్యూటర్ మూత ఊడదీసే ఉంది. బ్యాగులోంచి టార్చి తీసి లోపలికి వేసింది. నాసర్ చెప్పినవన్నీ వరసగా కనిపించాయి. నల్లటి పొడుగు స్లాటు, అందులో జాతకం కార్డు. కాలిపోయిన తెల్ల స్లాటు మీద ఎప్పటిదో టేపు. చివరి తెల్ల స్లాటులో పచ్చటి కార్డు, దానికి ఇంటర్నెట్ తీగ. దాని పక్కనే బొటనవేలంత బ్రౌన్ స్లాటు, ఖాళీగా. చుట్టూ వేలి మందం దుమ్ము, స్లాటు లోపల మాత్రం రాగి రేకులు తళతళా మెరుస్తున్నాయి. ఇన్నేళ్లు ఏదో ఒకటి గుచ్చి ఉన్నందుకే దుమ్ము లోపలికి పోలేదు.

ఆమె డబ్బా వెనక్కి వంగింది. ప్రతి కార్డుకూ వెనుక రేకులో ఒక సన్నటి కంత ఉంటుంది, తీగలు బయటికి రావడానికి. నల్లదానికి ఒకటి. కాలినదానికి ఒకటి. చివరి తెల్లదానికి ఒకటి. చిన్న బ్రౌన్‌దానికి? లేదు. తెల్లదానికీ దానికీ కలిపి ఒకటే. ఆ కంతను ఇప్పుడు ఇంటర్నెట్ కార్డు ఆక్రమించుకుని, స్క్రూ బిగించి కూర్చుంది.

కిటికీ ఒక్కటే గదా!

"ఈ మాట మనుషుల భాషలో చెప్పి ఏడిస్తే గంటసేపు మిగిలేది కదయ్యా!" అంది విమలమ్మ పైకే.

"ఎవర్నంటున్నరు?" అన్నాడు రాఘవేందర్.

"మీ ముద్దాయిని. ఇటు రండి. ఈ రెండు స్లాట్లకూ బయటికి దారి ఒక్కటే. ఇంటర్నెట్ కార్డు పెడితే ఫోను కార్డు పట్టదు. ఫోను కార్డు పెడితే ఇంటర్నెట్ కార్డు పట్టదు. అవతల తెల్లది కాలిపోయింది కాబట్టి వేరే చోటు లేదు. ఇంటర్నెట్ కోసం ఫోను కార్డు తీశాడు. రాజుగారు అరిచింది దానికే. ఉన్న ఆ ఒక్క ఫోను కార్డూ పీకేస్తావా అని."

"గదే నేను సుత చెప్తున్న! తీసిండు. రికార్డింగ్ కోసం తీసిండు!"

"రికార్డింగులు ఉండేది హార్డ్ డిస్కులో. కార్డులో ఏముంటుంది? మైకు ఎత్తుకెళ్లి పాట దొంగిలించాననుకునేంత వెర్రివాడా ఆయన? కంప్యూటర్లే బాగుచేసేవాడు!"

రాఘవేందర్ ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు. పోలీసు బుర్ర, ఊరికే పోదు. "సరే. ఎందుకో ఒకందుకు తీసిండు. ఎప్పుడు తీసిండు? పది యాభైకి కంప్యూటర్ ఫోనెత్తింది. అంటే అప్పుడు కార్డు లోపలనే ఉంది. ఆ తర్వాత తీసిండు. ముసలాయన అప్పటికే పోయిండు. నా కేసు ఎక్కడికి పోలే మేడం."

మాట నిజమే. విమలమ్మకు చిరాకు నెత్తికెక్కింది. కార్డు తీసింది పది యాభైకి ముందా, తరవాతా? అంతా ఆ ఒక్కదాని మీదే ఉంది. నాసర్ ముందే తీశానంటాడు. నిందితుడి మాట ఎవరు నమ్ముతారు? టైము అప్పటికే రెండు కావస్తోంది.

ఆమె జెబాకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, సూటిగా చెప్పు. రాజుగారు మీ నాన్నను పిలిచింది దేనికి?"

"గడియారానికి ఆంటీ. ఆ కంప్యూటర్ల టైం వెనక పడ్తుందని రాజుగారు పరేషాన్ అయితున్నడు. నాలుగు నిమిషాలు తేడా వచ్చినా జాతకమే తప్పయితదంట. ఇంటర్నెట్ తోటి టైం కలిపే ప్రోగ్రాం పెడ్తనని అబ్బా పోయిండు. అయిదు నిమిషాలకోసారి కలిపేటట్టు పెట్టమన్నడంట. అది సుత స్క్రీన్ మీద కనిపిస్తే నమ్మడు. కాయితం మీద రావాలంటడు."

"కాగితం మీదా?"

విమలమ్మ ఫోను పెట్టేసి ప్రింటరు వైపు తిరిగింది. పాత రకం ప్రింటరు, గరగరలాడుతూ ఒక్కొక్క లైనే కొట్టేది. దాని నోట్లోంచి అంచుకు చిల్లులున్న కాగితం జానెడు వేలాడుతోంది. మీద అంకెలు.

"దీన్ని చూశారా?"

"చూసినం. జాతకం లెక్కలు. ఫోటో తీసినం, పంచనామాల రాసినం."

"చదివారా?"

ఆమె ముట్టకుండానే వంగి పైకి చదివింది. "పది నలభై ఆరు, అయిదు సెకన్లు. ఆరు నిమిషాల పన్నెండు సెకన్ల వెనకబాటు, సరిచేయబడింది. పది యాభై ఒకటి, అయిదు సెకన్లు. తేడా లేదు. పది యాభై ఆరు. పదకొండూ ఒకటి. పదకొండూ ఆరు. ఒక్క లైను కూడా తప్పలేదు రాఘవేందర్ గారూ. ఇంటర్నెట్ ఉంటేనే ఈ లైను పడుతుంది. ఇంటర్నెట్ ఉండాలంటే ఆ కిటికీలో పచ్చ కార్డు ఉండాలి. అది ఉంటే ఫోను కార్డు ఉండదు. పది నలభై ఆరుకు లేదు. పది యాభై ఒకటికి లేదు. మధ్యలో పది యాభైకి కంప్యూటర్ ఫోన్ ఎలా ఎత్తింది?"

"మధ్యల పెట్టి తీసి ఉంటడు."

"ఈ డబ్బా ఆన్ కావడానికి ఎంతసేపు పడుతుంది?"

రాఘవేందర్ మీసం దువ్వుకున్నాడు. అబద్ధమాడే మనిషి మాత్రం కాదు. "నిన్న సాయంత్రం మా కానిస్టేబుల్ ప్లగ్ పెట్టి ఆన్ చేసి చాయ్‌కి పోయిండు. తాగొచ్చినా ఇంకా తిరుగుతనే ఉండె."

"మరి ఆ కాల్ అయిపోయిన మూడు సెకన్లకే తరవాతి లైను పడింది, కార్డులు ఎప్పుడు మార్చినట్టు? ఆగండి, ప్లగ్ పెట్టి అన్నారా? అంటే మీరొచ్చేసరికి ప్లగ్ పీకి ఉందా?"

"ఆ, పీకి ఉండె."

"కాగితం మీద ఆఖరి లైను పదకొండూ ముప్ఫై ఒకటి. ఆ తరవాత ఎవరో పీకారు. పదకొండూ ముప్ఫై ఒకటికి నాసర్ ఎక్కడున్నాడు?"

మీసం మీది చెయ్యి ఆగిపోయింది. "పార్క్‌లేన్‌ల. పదకొండున్నరకు ఆయన షాపు షట్టర్ లేపిన్రని పక్క షాపు కెమెరాల ఉంది. హత్య పది యాభైలోపే అనుకున్నం గదా, అందుకే దాన్ని పట్టించుకోలే."

"ఇప్పుడు పట్టించుకోండి."

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి!" ఆయన గొంతు పెంచాడు. "పది యాభైకి ఫోన్ నాసరే ఎత్తి ఉండచ్చు గదా? ముసలాయన్ని కొట్టి, ఫోనెత్తి..."

"ఎత్తి ఉంటే ఉదయ్ భాస్కర్‌కు నాసర్ గొంతు వినబడాలి. ఆయన మీకేం చెప్పాడు? కంప్యూటర్ మాట్లాడిందని. లేని కార్డు మాట్లాడిందని! ఎవరెత్తినా సరే, మీ సాక్షి చెప్పింది అబద్ధం. పిలిపించండి."

రాఘవేందర్ టోపీ తీసి టేబులు మీద పెట్టబోయి, సాక్ష్యాల బల్ల అని గుర్తొచ్చి మళ్లీ పెట్టుకున్నాడు. "మీతోటి పెద్ద తక్లీఫ్ మేడం," అన్నాడు. కానీ ఫోన్ తీశాడు.

*

మూడుంపావుకు ఉదయ్ భాస్కర్ స్టేషన్‌కి వచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. నలగని చొక్కా, ఎర్రబడ్డ కళ్లు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. విమలమ్మకు నమస్కారం పెట్టి, ఎస్సై ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఫోన్ సంగతి ఇంకోసారి చెప్పండి," అంది విమలమ్మ.

"మూడు రింగులయ్యాయండీ. తరవాత మావయ్య గొంతు, రికార్డింగు. పుట్టిన తేదీ, సమయం, ఊరు చెప్పండి అని. బీప్ వచ్చింది. మావయ్యా, సాయంత్రం వస్తాను అని చెప్పి పెట్టేశాను."

రాఘవేందర్ నిన్నటి వాంగ్మూలం తీసి చూశాడు. అక్షరం పొల్లుపోలేదు.

విమలమ్మ ప్రింటరు కాగితం ఫోటోను ఆయన ముందుకు జరిపింది. ఒక్కొక్క లైనూ వేలితో చూపిస్తూ, కిటికీ సంగతి కూడా చెప్పింది. ఈసారి మనుషుల భాషలోనే చెప్పింది. "ఆ టైముకు ఆ కంప్యూటర్ ఫోనెత్తలేదు బాబూ. ఎత్తే కార్డు నాసర్ సంచిలో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఎవరెత్తారు?"

ఉదయ్ భాస్కర్ ఫోటో వంక చూడనైనా లేదు. "మూడు రింగులయ్యాయండీ. తరవాత మావయ్య గొంతు, రికార్డింగు..."

"ఏందయ్యా, క్యాసెట్ పెట్టినట్టు మళ్లా గదే?" రాఘవేందర్ బల్ల మీద చరిచాడు. "ఆమె ఇంత చెప్తుంటే చెవిల పడ్తలేదా?"

"నేను విన్నది అదేనండీ."

విమలమ్మ ఆయన్ని పరిశీలనగా చూసింది. ముప్ఫై రెండేళ్లలో అబద్ధాలు బోలెడు విన్నది. దొరికిపోయినవాడు అబద్ధాన్ని మారుస్తాడు, చిలవలు పలవలు చేరుస్తాడు, ఎదురు తిరుగుతాడు. ఈయన ఎవరో ఒప్పజెప్పమన్న పాఠంలా ఒప్పజెబుతున్నాడు. తనను తాను కాపాడుకోవాలన్న ఆత్రమే లేదు. ఇందాక లాకప్ దగ్గర నాసర్ మీద వచ్చినదానికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆమెకు. అది చాదస్తం, పోనీలే అనుకోవచ్చు. ఇది మొండితనం. ఈ మొండితనానికి ఒక మనిషి జైలుకు పోతాడు.

గడియారం మూడూ ముప్ఫై చూపిస్తోంది. బయట వ్యాను స్టార్టు చేసిన చప్పుడు వినబడింది, నాసర్‌ని తీసుకెళ్లడానికి.

"నాసర్‌ని ఇక్కడికి పిలవండి," అంది ఆమె.

"ఆయనొస్తే మళ్లా స్లాట్లు మొదలుపెడ్తడు."

"పెట్టనివ్వను. మీరే అడగండి, ఒక్కటే ప్రశ్న. పది యాభైకి ఫోన్ వచ్చిందా అని."

నాసర్‌ని తీసుకొచ్చారు. వెనకే జెబా గుమ్మం దాకా వచ్చి ఆగింది. రాఘవేందర్ అడిగాడు.

"వచ్చింది సార్," అన్నాడు నాసర్.

రాఘవేందర్ ముందుకు వంగాడు.

"ఎవరెత్తిన్రు?"

"రాజుగారే. రెండో రింగుకే ఎత్తిండు."

"మరి నిన్నటి సంది చెప్పవేందయ్యా!" రాఘవేందర్ కుర్చీలోంచి లేచాడు.

"ఎవ్వరు అడగలే గద సార్. మీరు కార్డు ఎందుకు దొంగిలించినవ్ అనడిగిన్రు. మేడం స్లాట్ల గురించి అడిగింది."

"నేనా? నేనా స్లాట్ల గురించి అడిగింది?" విమలమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. గుమ్మం దగ్గర జెబా ఏడుస్తూనే ఒక్కసారి నవ్వింది. తండ్రి బతికాడని ఆ పిల్లకు అర్థమైంది. పది యాభైకి నరసరాజు ఫోన్లో మాట్లాడితే, కాగితం పదకొండూ ముప్ఫై ఒకటి దాకా నడిస్తే, నాసర్ అప్పటికి పార్క్‌లేన్‌లో ఉంటే, ఇక ఆ వ్యాను ఆయన కోసం కాదు.

"ఫోన్లో ఏమన్నాడో విన్నవా?" రాఘవేందర్ కలం తీశాడు.

నాసర్ మొహం మొదటిసారి వాడిపోయింది. స్లాట్లూ కార్డులూ ఏవీ మిగల్లేదు అందులో. "నా మీద కోపంతోటి ఉన్నడు సార్, కార్డు తీసినందుకు. ఫోన్ల మాత్రం మంచిగనే మాట్లాడిండు. పెట్టేసినంక చాయ్ తాగి పొమ్మన్నడు. నేనే తాగలే. నాకు సుత కోపమొచ్చింది. కూసొని ఉంటే ఆ టైంల నేను సుత అక్కడనే ఉండేటోణ్ణి." కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడొద్దు, నాసర్ ఉన్నాడు, పదకొండుంపావుకు వెళ్లిపోతాడు, అప్పుడు రా యోగితా, అని ఫోన్ల అన్నడు. ఆమె ఎవరో నాకు తెల్వది సార్. జాతకం కోసం వచ్చేటామె కావచ్చు."

రాఘవేందర్ కలం కాగితం మీద 'అప్పుడు రా' దాకా వచ్చింది. ఉదయ్ భాస్కర్ చెయ్యి చాచి ఆ కలాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"నా భార్య పేరు రాయకండి సార్," అన్నాడు. "ఫోన్ చేసింది నేనే. పదకొండుంపావుకు వెళ్లింది నేనే. చంపింది కూడా నేనేనని రాసుకోండి, ఇప్పుడే సంతకం పెడతాను."